‘అడ్వాన్స్‌డ్’ నొక్కి లోపలికి పోవచ్చా?

పోయిన వేసవిలో మా అక్క కూతురి అప్లికేషన్‌లో ఒక తప్పు దిద్దించడానికి ఊళ్లో నెట్ సెంటర్‌కి వెళ్లాను. మా ముందు ఒక పెద్దాయన పింఛను కాగితాలున్న ప్లాస్టిక్ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కుర్రాడు ఏదో ప్రభుత్వ శాఖ సైటు అడ్రసు కొట్టాడు. పేజీ రాలేదు. దాని బదులు తెల్లటి తెర, అందులో ఎర్ర త్రికోణం, దాని కింద ఇంగ్లిషులో ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’. పెద్దాయన ముందుకు వంగి, “ఏంటి బాబూ, వైరస్సా?” అన్నారు. కుర్రాడు ఆ అక్షరాల వంక చూస్తే ఒట్టు. “ఏం లేదు తాతా, ఈ సైటుకి మామూలే” అంటూ ‘అడ్వాన్స్‌డ్’ మీద ఒక నొక్కు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న ‘ప్రొసీడ్’ మీద ఇంకో నొక్కు. రెండూ కలిపి ఒక్క సెకను పట్టలేదు.

పెద్దాయన భయం తప్పు. అది వైరస్ గురించి కాదు. కుర్రాడి ధీమా కూడా తప్పే. అది ఊరికే వచ్చేది కాదు. మనలో చాలామంది ఈ ఇద్దరి మధ్య ఎక్కడో ఉంటాం. తీరిగ్గా ఉన్న రోజు భయపడి మూసేస్తాం, తొందరలో ఉన్న రోజు నొక్కేస్తాం. ఎప్పుడు ఏది చేయాలో తేల్చుకునే లెక్క మాత్రం ఎవరూ నేర్పలేదు. నేను చాలా ఏళ్లుగా సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నాను. ఒకసారి నా నిర్లక్ష్యం వల్లే ఈ తెర చాలామందికి కనిపించింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఒక తేడా. తెర మొత్తం ఎర్రగా మారిపోయి ‘డేంజరస్ సైట్’ అనో, ‘డిసెప్టివ్ సైట్ అహెడ్’ అనో వస్తే అది వేరే కథ. జనాన్ని మోసం చేస్తోందనో, చెడ్డ ప్రోగ్రాములు దించుతోందనో ఆ సైటు పేరు గూగుల్ జాబితాలోకి ఎక్కిందన్నమాట. అక్కడ ఆలోచించడానికేం లేదు, వెనక్కి వచ్చేయడమే. మనం మాట్లాడుకునేది తెల్ల తెర మీది ఎర్ర త్రికోణం గురించి. సైటు మంచిదా చెడ్డదా అన్నది దానికి పట్టదు. ‘అవతల ఉన్నది నువ్వనుకుంటున్న సైటేనో కాదో నేను తేల్చుకోలేకపోయాను’ అని బ్రౌజర్ మనతో చెప్పుకుంటోంది, అంతే.

ఆకుపచ్చ ఇంకు సంతకం

జిరాక్స్ కాపీల మీద గెజిటెడ్ ఆఫీసరు చేత సంతకం పెట్టించుకోవడానికి తిరిగిన తరానికి ఇదంతా తేలిగ్గానే అర్థమవుతుంది. మీ మార్కుల లిస్టు తీసుకునే గుమస్తాకి మీరెవరో తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. కింద ఆకుపచ్చ ఇంకుతో సంతకం, రబ్బరు స్టాంపు ఉన్నాయా అని చూస్తాడు. ముక్కూమొహం తెలియని మనిషిని, తాను గుర్తించే ఇంకో మనిషి సంతకం చూసి నమ్ముతాడు.

వెబ్‌సైటు సర్టిఫికెట్ అచ్చం అదే. మీ బ్రౌజర్ పలకరించగానే బ్యాంకు సర్వర్ ఒక చిన్న ఫైలు చూపిస్తుంది. అందులో సైటు పేరు ఉంటుంది, ఎప్పటినుంచి ఎప్పటిదాకా చెల్లుతుందో ఉంటుంది, మాటలు గుప్తంగా సాగడానికి కావలసిన పబ్లిక్ కీ ఉంటుంది, వీటన్నిటికీ పూచీ పడుతున్న సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకం పెట్టేవాళ్లను సర్టిఫికెట్ అథారిటీలు అంటారు. డిజిసెర్ట్, సెక్టిగో, గ్లోబల్‌సైన్, లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇలాంటివే. మన దేశంలో బెంగళూరుకు చెందిన ఈముద్ర ఈ వ్యాపారంలో ఉంది.

మరి ఆ అథారిటీని బ్రౌజర్ ఎందుకు నమ్ముతుంది? నమ్మదగ్గవాళ్ల జాబితా ఒకటి ముందే దాని జేబులో ఉంటుంది కాబట్టి. మైక్రోసాఫ్ట్, యాపిల్, మొజిల్లా, గూగుల్ ఎవరి జాబితా వాళ్లు తయారు చేసుకుంటారు. మీరు కొత్త ఫోను పెట్టె విప్పేసరికే, మీరెన్నడూ పేరు వినని ఏవేవో దేశాల సంస్థలను అది మీ తరఫున నమ్మేసి కూర్చుంటుంది. ఆ సంస్థలు తమ అసలు కీని, అంటే రూట్ కీని, బయటికి తీయకుండా దాచుకుంటాయి. రోజువారీ సంతకాలు దాని కింద ఉండే ఇంటర్మీడియట్‌ సర్టిఫికెట్లతో కానిస్తాయి. రూటు ఇంటర్మీడియట్‌కి పూచీ, ఇంటర్మీడియట్ సైటుకి పూచీ. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా బ్రౌజర్ ఆగిపోతుంది.

ఇంత తతంగం ఎందుకు, మాటలు గుప్తంగా వెళ్తే చాలదా అంటారేమో. చాలదు. మీరు కవరుకి లక్క ముద్ర వేసి పంపారు, బాగానే ఉంది. తీసుకున్నవాడే దొంగయితే? వైఫైలో ఎవడో మధ్యలో కూర్చుని ‘నేనే బ్యాంకుని’ అన్నాడనుకోండి. మీ పాస్‌వర్డ్ ఎంతో భద్రంగా, దారిలో ఇంకెవరి కంటా పడకుండా, నేరుగా వాడి చేతికే చేరుతుంది.

తేదీ తప్పినప్పుడు

త్రికోణం కింద, ఇంగ్లిషు వాక్యాల తర్వాత, బూడిద రంగులో ఒక కోడ్ ఉంటుంది. ‘నెట్ ఎర్ సెర్ట్’ అని మొదలవుతుంది. చూడ్డానికి చిరాగ్గా ఉంటుంది గానీ అసలు విషయమంతా దాని తోకలోనే ఉంది. ‘డేట్ ఇన్వాలిడ్’ అని ఉంటే తేదీ పేచీ. ‘కామన్ నేమ్ ఇన్వాలిడ్’ అంటే పేరు పేచీ. ‘అథారిటీ ఇన్వాలిడ్’ అంటే సంతకం పేచీ. ఇవి కాక మరికొన్ని ఉన్నాయి గానీ మామూలు మనిషికి తగిలేవి దాదాపు ఈ మూడే.

ఒక సాయంత్రం మా మేనల్లుడు ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. “మామయ్యా, నెట్ మొత్తం హ్యాకయిపోయింది!” క్రోమ్‌లో ఏది తెరిచినా హెచ్చరికే. తీరా చూస్తే బయట జూన్ నడుస్తోంది, వాడి ఫోన్లో డిసెంబరు నడుస్తోంది. ఏదో గేమ్‌లో లైఫులు అయిపోతే తేదీ ముందుకి జరిపితే మళ్లీ నిండుతాయని స్నేహితుడు చెప్పాడట. ఆరు నెలలు ముందుకి జరిగిన ఆ ఫోను లెక్కలో లోకంలోని సర్టిఫికెట్లలో చాలావాటికి గడువు తీరిపోయింది. క్రోమ్ పాపం ‘యువర్ క్లాక్ ఈజ్ అహెడ్’ అని చెప్తూనే ఉంది, చదివినవాడు లేడు. సెట్టింగ్స్‌లో తేదీ, సమయం ఆటోమేటిక్‌గా తీసుకునేలా పెట్టాం, నెట్ బతికింది.

పాత డెస్క్‌టాప్‌లలో ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కంప్యూటర్ ఆపేసినా గడియారం నడిచేది దాంతోనే. అది అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు సర్టిఫికెట్లన్నీ ‘ఇంకా పుట్టనివి’ అయిపోతాయి. వంద రూపాయలు కూడా పెట్టని బ్యాటరీ మార్చాల్సిన చోట కంప్యూటర్ ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లని నేనెరుగుదును.

ఇవేవో చిల్లర ఉదాహరణలు అనుకోకండి. 2017లో గూగుల్ పరిశోధకులు క్రోమ్‌లో వచ్చిన 30 కోట్లకు పైగా సర్టిఫికెట్ ఎర్రర్లను సేకరించి కారణాలు వెతికారు. సగానికి పైగా ఎర్రర్లకు మూలం సైటులో లేదు, చూసేవాళ్ల కంప్యూటర్లోనో ఫోన్లోనో, వాళ్ల నెట్‌వర్క్‌లోనో ఉంది. అందుకే హెచ్చరిక రాగానే మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ‘ఈ సైటుకేమైంది’ అన్నది కాదు. ‘ఇది ఈ ఒక్క సైటుకే వస్తోందా, అన్నిటికీ వస్తోందా’ అన్నది. అన్నిటికీ వస్తోందంటే తప్పు మన దగ్గరే ఉంది. ముందు గడియారం, తర్వాత వైఫై చూసుకోవాలి.

గడియారం సరిగ్గానే ఉండి, ఒక్క సైటే మొరాయిస్తే, ఆ సైటువాళ్లు సర్టిఫికెట్ మార్చడం మర్చిపోయారన్నమాట. ఇక నా సంగతి. కొన్నేళ్ల కిందట నేనొక కాలేజీ సర్వర్లు చూసేవాణ్ని. ఆదివారం అప్లికేషన్లకు ఆఖరు రోజు. తెల్లవారి ఆరు కాకముందే ఫోన్లు మొదలయ్యాయి. “సార్, మన సైటు హ్యాకయిందంటున్నారు పిల్లలు.” చూస్తే గడువు ఆ పొద్దున్నే 5 గంటల 29 నిమిషాలకు తీరింది. అదేం ముహూర్తం అంటే, చాలా సర్టిఫికెట్ల గడువు అర్ధరాత్రికి తీరుతుంది, కాకపోతే అది గ్రీనిచ్ అర్ధరాత్రి. మనకు అప్పటికి అయిదున్నర. గడువు దగ్గర పడుతోందని అమ్మినవాళ్లు మెయిళ్లు పంపుతూనే ఉన్నారు. అవన్నీ అంతకు రెండేళ్ల ముందే ఉద్యోగం మానేసి వెళ్లిన మనిషి మెయిల్‌కి వెళ్తున్నాయి. ఆ అడ్రసు మార్చాలని నా డైరీలో రాసుకున్నాను కూడా. కొత్తది కొని పెట్టేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఆ ఏడెనిమిది గంటలూ మా ఆఫీసులో ఒకాయన ఫోన్ చేసిన ప్రతి విద్యార్థికీ “ఏం పర్లేదమ్మా, అడ్వాన్స్‌డ్ నొక్కి లోపలికి పొండి” అని చెప్తూనే ఉన్నాడు. నెట్ సెంటర్ కుర్రాళ్లను తయారు చేసింది మాలాంటివాళ్లమే.

ఈ మతిమరుపు చిన్నవాళ్లకే పరిమితం కాదు. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ కొన్ని గంటలు ఆగిపోయింది. కారణం, ఒక సర్టిఫికెట్ గడువు తీరడం. 2018 డిసెంబరులో బ్రిటన్‌లో ఓటూ మొబైల్ నెట్‌వర్క్ మూగబోయింది. ఎరిక్‌సన్ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లోని ఒక సర్టిఫికెట్‌కు కాలం చెల్లడమే అక్కడా కారణం.

ఇకముందు ఈ ‘డేట్’ హెచ్చరికలు ఇంకా తరచుగా వస్తాయని నా అనుమానం. 2020 సెప్టెంబరు నుంచి ఒక సర్టిఫికెట్ గరిష్ఠంగా 398 రోజులు చెల్లేది. అథారిటీలు, బ్రౌజర్ కంపెనీలు కలిసి నడిపే వేదిక 2025 ఏప్రిల్‌లో దీన్ని అంచెలంచెలుగా కుదించింది. 2026 మార్చి 15 నుంచి ఇచ్చేవాటికి 200 రోజులు, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47 రోజులే. ఉద్దేశం మంచిదే. పబ్లిక్ కీకి జతగా సర్వర్ దాచుకునే రహస్య కీ ఒకటి ఉంటుంది. అది దొంగల పాలైతే దాంతో వాళ్లు ఆడే ఆట తక్కువ రోజుల్లో ముగుస్తుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 చివర్లో జనానికి అందుబాటులోకి వచ్చినప్పటి నుంచీ 90 రోజుల సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తూ, మార్చే పని మనిషి చేతిలోంచి తీసి ప్రోగ్రాముకి అప్పగించమని చెప్తోంది. ఆ మాట విన్నవాళ్లకు 47 రోజులైనా ఒకటే. ఏడాదికోసారి గుర్తొచ్చినప్పుడు చేతితో మార్చే ఆఫీసులు మనకి బోలెడున్నాయి. భయమల్లా వాటి గురించే.

గడువు తీరిన సైటు చాలాసార్లు అసలు సైటే అయి ఉంటుంది. సెలవుల జాబితానో, ఫలానా ఫారం ఏ గదిలో ఇస్తారో చదువుకుని వచ్చేస్తే కొంప మునగదు. లాగిన్ మాత్రం వద్దు. ఎందుకంటే, బతికున్న సర్టిఫికెట్ కీ పోయిందని తెలిస్తే అథారిటీ దాన్ని రద్దు చేసి ఆ మాట చాటుతుంది. గడువు తీరినవాటిని రద్దు జాబితాలో కొనసాగించాల్సిన పని లేదు. పాత కీ ఎవరి చేతిలో ఉందో అప్పుడిక అడిగే నాథుడు ఉండడు.

పేరు కలవనప్పుడు

దీని గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. సర్టిఫికెట్ ఒక పేరుకి తీసుకుని, సైటు ఇంకో పేరుతో నడుపుతుంటారు. ముందు మూడు డబ్ల్యూలు ఉన్న పేరుకి తీసుకుని, అవి లేని పేరుని వదిలేయడం మామూలు పొరపాటు. అడ్రసులో డబ్ల్యూలు చేర్చో తీసేసో చూస్తే చాలాసార్లు పేజీ వచ్చేస్తుంది. ఒకే సర్వర్ మీద వంద సైట్లు నడిపే చౌక హోస్టింగుల్లో పక్కింటివాడి సర్టిఫికెట్ మన సైటుకి రావడం కూడా ఉంది. హెచ్చరికలో ‘దిస్ సర్వర్ కుడ్ నాట్ ప్రూవ్’ అన్న వాక్యం తర్వాత ఆ రెండో పేరు కనిపిస్తుంది. అది హోస్టింగ్ కంపెనీ పేరైతే బద్ధకం కేసు. అసలు సంబంధమే లేని పేరైతే వెనక్కి వచ్చేయండి.

సంతకం ఎవరిది?

మూడోదే అసలైనది. ‘అథారిటీ ఇన్వాలిడ్’ అంటే, సంతకం ఉంది గానీ ఆ సంతకం పెట్టినవాడు బ్రౌజర్ జాబితాలో లేడు. ఆకుపచ్చ ఇంకే, స్టాంపు కూడా ఉంది, ఆ పేరుగల ఆఫీసరే ఏ శాఖలోనూ లేడు.

దీనికి అమాయకమైన కారణాలున్నాయి. ఇంట్లో వైఫై రౌటర్ సెట్టింగుల కోసం 192.168.0.1 అని కొడితే ఈ హెచ్చరిక రావచ్చు. తన సర్టిఫికెట్ మీద రౌటర్ తానే సంతకం పెట్టుకుంది మరి. మీ ఇంట్లో, మీ గోడకున్న డబ్బాయే కాబట్టి నొక్కి లోపలికి పోవచ్చు. నేను నిశ్చింతగా ‘ప్రొసీడ్’ నొక్కే చోటు ఇదొక్కటే. ఆఫీసు లాప్‌టాప్ అయితే, ఉద్యోగులు చూసే సైట్లను తనిఖీ చేసేందుకు కంపెనీ మధ్యలో ఒక ప్రాక్సీ (రాకపోకలన్నీ తన గుండా పోనిచ్చే సర్వర్) పెట్టి, తన సొంత సంతకంతో సర్టిఫికెట్లు తయారు చేస్తుంటుంది. కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఇదే పని చేస్తాయి. వాటి రూటు మీ కంప్యూటర్లో సరిగ్గా ఎక్కకపోతే హెచ్చరికలు కుప్పలుగా వస్తాయి.

రైల్వే స్టేషన్, హోటల్, ఆసుపత్రి వైఫైలలో ఇంకో రకం తంటా ఉంది. ఫోన్ నంబరు, ఓటీపీ ఇచ్చేదాకా ఆ వైఫై మిమ్మల్ని బయటికి పోనివ్వదు. మీరు ఏ సైటుకి పోబోయినా దారిలో పట్టుకుని తన లాగిన్ పేజీ చూపించాలనుకుంటుంది. మీరు అడిగింది జీమెయిల్, వచ్చి నిలబడింది వైఫైవాడు. బ్రౌజర్ ఒప్పుకోదు. ఆ పని దొంగతనానికి ఏమాత్రం తీసిపోదు మరి. కాకపోతే ఇక్కడ ఉద్దేశం వేరు. అప్పుడు హెచ్చరికని నొక్కి దాటకూడదు. ఫోను పైన ‘సైన్ ఇన్ టు నెట్‌వర్క్’ అని ఒక నోటిఫికేషన్ వస్తుంది, అక్కడ నొక్కి లాగిన్ అయి, తర్వాత సైటు మళ్లీ తెరవాలి. లాగిన్ అయ్యాక కూడా అదే హెచ్చరిక వస్తుంటే ఆ వైఫై వదిలేసి మొబైల్ డేటాకి మారడం మేలు.

ఇక దొంగల కథలకొస్తే, వాటిలో పెద్దది నెదర్లాండ్స్‌లో జరిగింది. డిజినోటార్ అని అక్కడొక సర్టిఫికెట్ అథారిటీ ఉండేది. 2011 వేసవిలో ఎవరో దాని కంప్యూటర్లలో దూరి, గూగుల్ పేరు మీద సహా 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించుకున్నారు. సంతకం అసలుదే, పెట్టించినవాడే దొంగ. ఆ గూగుల్ సర్టిఫికెట్‌ని ఇరాన్‌లో జీమెయిల్ వాడేవాళ్ల మీద ప్రయోగించారు. బ్రౌజర్లు నోరెత్తలేదు, ఎందుకంటే డిజినోటార్ వాటి జాబితాలో ఉంది. క్రోమ్ మాత్రం, గూగుల్ సైట్లకు ఎవరి సంతకం ఉండాలో లోపల రాసిపెట్టుకుంది కాబట్టి, హెచ్చరిక చూపించింది. ఆగస్టు చివర్లో ఇరాన్‌లో ఒక మామూలు మనిషి ఆ తెర చూసి, నొక్కి దాటిపోకుండా, ఇదేంటని గూగుల్‌ని అడిగాడు. గుట్టు అక్కడ బయటపడింది. అప్పటికే దాదాపు 3 లక్షల ఐపీ అడ్రసుల (నెట్ కనెక్షన్లకు ఉండే నంబర్ల) నుంచి జనం ఆ దొంగ సర్టిఫికెట్ గుండా వెళ్లారు. బ్రౌజర్లన్నీ తమ జాబితాల్లోంచి డిజినోటార్ పేరు తీసేశాయి. సెప్టెంబరులో ఆ కంపెనీ దివాళా తీసింది.

ఎక్కడో నెదర్లాండ్స్ కదా అనుకోనక్కర్లేదు. 2014 జులై 2న గూగుల్ తన పేరు మీదున్న దొంగ సర్టిఫికెట్లు మరికొన్ని పట్టుకుంది. వాటి మీది సంతకం మన కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌ది, అంటే ఎన్ఐసీది. ఎన్ఐసీకి ఆ అధికారం ఇచ్చింది ఐటీ చట్టం కింద ఏర్పడిన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్, పొట్టిగా సీసీఏ. దాని రూటు మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండేది కాబట్టి విండోస్ కంప్యూటర్లు ఆ సంతకాన్ని నమ్మేవి. మర్నాడే సీసీఏ ఎన్ఐసీ ఇంటర్మీడియట్‌లను రద్దు చేసింది. ఎన్ఐసీలో సర్టిఫికెట్లు జారీ చేసే పద్ధతిలోకే ఎవరో చొరబడ్డారని, గూగుల్, యాహూ పేర్ల మీద నాలుగు సర్టిఫికెట్లు తప్పుగా వెళ్లాయని తేల్చింది. అంతకు మించి ఉన్నాయని గూగుల్ అంది. ఆ తర్వాత క్రోమ్ మన సీసీఏ రూటుకి గిరి గీసింది. ప్రభుత్వ, విద్యాసంస్థల డొమైన్లు (సైటు పేర్లు), రిజర్వ్ బ్యాంకు లాంటి ఏడింటికి మాత్రమే దాని మాట చెల్లుతుందని.

ఈ సీసీఏ గొలుసు మీరు ఇంకో చోట కూడా చూసే ఉంటారు. డౌన్‌లోడ్ చేసుకున్న ఈ-ఆధార్ పీడీఎఫ్‌ని అడోబీ రీడర్‌లో తెరిస్తే, సంతకం ఉండాల్సిన చోట పసుపు రంగు ప్రశ్నార్థకం, ‘వాలిడిటీ అన్‌నోన్’. నకిలీ ఆధార్ అని కాదు. ఆ సంతకం వెనకున్న భారతీయ రూటు అడోబీ జేబులోని జాబితాలో లేదు, అంతే. దాని మీద రైట్ క్లిక్ చేసి, సంతకం వివరాల్లోకి వెళ్లి, సర్టిఫికెట్‌ని నమ్మినవాటిలో చేరిస్తే పచ్చ టిక్కు వస్తుంది. కాగితం అంతకుముందు ఎంత నిజమో తర్వాతా అంతే నిజం. మారింది మన జాబితా.

సరిగ్గా ఆ ‘చేర్చడం’ దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. 2019లో కజకిస్తాన్ ప్రభుత్వం జనాన్ని ఒక రూట్ సర్టిఫికెట్ ఫోన్లలో ఎక్కించుకోమంది. ఎక్కించుకుంటే ఏ సైటుకైనా ప్రభుత్వమే సంతకం పెట్టి మధ్యలో కూర్చుని చదవగలదు. హెచ్చరిక అనేదే రాదు. ఆగస్టులో గూగుల్, మొజిల్లా, యాపిల్ మూడూ కలిసి ఆ సర్టిఫికెట్‌ని అడ్డుకున్నాయి. కాబట్టి ఎవరైనా ఫోన్ చేసో, వాట్సాప్‌లో ఫైలు పంపో, ‘ఈ సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేసుకోండి, ఎర్రర్ పోతుంది’ అంటే, ఎర్రర్ నిజంగానే పోతుంది. దాంతోపాటు కాపలా కూడా పోతుంది.

అయితే ఏం చేయమంటారు?

నేనైతే ఇలా చూస్తాను. అన్ని సైట్లకీ వస్తోందా, ఒక్కదానికేనా? గడియారం సరిగ్గా ఉందా? వైఫై ఆపి మొబైల్ డేటా మీద తెరిస్తే ఏమవుతోంది? డేటా మీద హెచ్చరిక మాయమైతే ఆ వైఫైలోనే ఏదో ఉంది. రెండింటి మీదా వస్తే సైటుదే లోపం. ఇంత చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఈలోగా కోడ్ తోక చదివితే తేదీయా, పేరా, సంతకమా అన్నది తెలిసిపోతుంది.

ఆఖరున, అన్నిటికన్నా ముఖ్యంగా, అక్కడ నేను ఏం టైపు చేయబోతున్నానో చూసుకుంటాను. పాస్‌వర్డ్, ఓటీపీ, కార్డు నంబరు, ఆధార్, ఆరోగ్య వివరాలు, వీటిలో ఏదైనా ఉంటే ఆ రోజుకి ఆ పని లేదు. ఆఖరు తేదీ అయినా సరే. “రేపటికి ఫైను పడుతుందండీ” అంటారు మనవాళ్లు. పడనివ్వండి. బ్యాంకు సైటు దగ్గరైతే ఇంకో మాటే లేదు. బ్యాంకులో ఎవరైనా ‘ప్రొసీడ్ కొట్టండి’ అంటే, ఆ మనిషి నిజంగా బ్యాంకు మనిషేనా అని అనుమానించండి.

కొన్ని సైట్లలో ‘ప్రొసీడ్’ అన్నది వెతికినా కనపడదు. ‘నా దగ్గరికి ఎప్పుడొచ్చినా సరైన సర్టిఫికెట్‌తోనే రావాలి, లేకపోతే రానివ్వకు’ అని ఆ సైటు ముందే బ్రౌజర్‌కి చెప్పిపెట్టిందన్నమాట. దీన్ని హెచ్ఎస్‌టీఎస్ అంటారు. జీమెయిల్ లాంటివి ఈ కోవలోవే. జనం ఎలాగూ నొక్కేస్తారని తెలిసే ఈ ఏర్పాటు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, సర్టిఫికెట్ హెచ్చరిక చూసిన క్రోమ్ వాడకందార్లలో నూటికి 70 మంది దాటుకుని లోపలికి పోయారు. ఫైర్‌ఫాక్స్‌లో 33 మందే. ఈ తేడాకి కారణాలు ఒకటి కన్నా ఎక్కువే కావచ్చు గానీ, ఫైర్‌ఫాక్స్‌లో దాటడానికి ఎక్కువ నొక్కులు పట్టేవి. ఆ తర్వాతే క్రోమ్ కూడా ‘ప్రొసీడ్’ని ‘అడ్వాన్స్‌డ్’ వెనక దాచింది. మా నెట్ సెంటర్ కుర్రాడికి అదేం అడ్డం కాలేదనుకోండి.

ఇంకో మాట. హెచ్చరిక రాలేదంటే సైటు మంచిదని కాదు. బ్యాంకు పేరులో ఒక అక్షరం అటూ ఇటూ చేసి డొమైన్ కొన్న మోసగాడికి కూడా ఆ పేరు మీద సర్టిఫికెట్ దొరుకుతుంది, ఉచితంగానే. చాలా సర్టిఫికెట్లు ఇచ్చేముందు అథారిటీ అడిగేది ‘ఈ డొమైన్ నీ చేతిలోనే ఉందా’ అని మాత్రమే. నీ గుణగణాలేమిటని కాదు. తాళం గుర్తు చూసి జనం మోసపోతున్నారనే 2023లో క్రోమ్ అడ్రసు పక్క నుంచి ఆ తాళాన్నే తీసేసింది. బ్యాంకుల విషయంలో ఈ చిక్కు తీర్చడానికి రిజర్వ్ బ్యాంకు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే ప్రత్యేక చిరునామా తెచ్చి, 2025 అక్టోబరు 31 లోపు బ్యాంకులన్నీ దానికి మారాలని చెప్పింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం హైదరాబాద్‌ మాసబ్ ట్యాంక్‌లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కదానికే ఉంది. బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఆ తోక దొరకదు. అడ్రసు చివర అది ఉందా లేదా అని చూడటం, ఏ తాళం బొమ్మ చూడటం కన్నా పనికొస్తుంది.

ఆ రోజు ఇంటికొచ్చాక పెద్దాయన సైటు నా ఫోన్లో తెరిచి చూశాను, మొబైల్ డేటా మీద. అదే త్రికోణం. ‘డేట్ ఇన్వాలిడ్’. గడువు తీరి నాలుగు రోజులైంది. ప్రభుత్వ సైట్లకు అడుగున ‘వెబ్ ఇన్ఫర్మేషన్ మేనేజర్’ అని ఒక అధికారి హోదా, మెయిల్ అడ్రసు ఉంటాయి. ఆ పేజీ చదవడం కోసం నేనే ‘ప్రొసీడ్’ నొక్కాను, ఏమీ టైపు చేయలేదు. మా కాలేజీ ఆదివారం గుర్తొచ్చి, కోపం లేకుండానే మూడు లైన్లు మెయిల్ రాశాను. అడ్రసు పనిచేయడం లేదని అది తిరిగొచ్చింది. ఇంకో రెండ్రోజులకి చూస్తే మాత్రం సర్టిఫికెట్ మారింది.